నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే రోజూ ఏం చూడాలె, ఏం అడగాలె

ఆరు నెలలు నిండి ఏడో నెల పడంగనే కాన్పు అయింది, బిడ్డ ఎనిమిది వందల గ్రాములే ఉన్నది, ఎన్‌ఐసీయూ అంటే పసిపిల్లల ఐసీయూల అద్దాల పెట్టెల పెట్టిర్రు, పొద్దున సాయంత్రం కొద్దిసేపే చూడనిస్తుండ్రు, డాక్టర్ చెప్పిన దాంట్ల సగం అర్థం కాలే, ఇంటికాడికెళ్లి అందరు ఫోన్ చేసి ఎట్లున్నది ఎట్లున్నది అని అడుగుతుండ్రు. ఇప్పుడు ఈ పరిస్థితిలో ఉన్న అమ్మానాయినల కోసమే ఇది రాస్తున్న. మాది హన్మకొండ, మా పాప 26 వారాలకు పుట్టింది, ఇప్పుడు బడికి పోతున్నది. నేను డాక్టర్ను కాదు, వైద్యం సంగతి మీ డాక్టరే చెప్పాలె, కానీ డాక్టర్ చెప్పేది అర్థం కావాల్నంటే మనకు కొన్ని తెలిసి ఉండాలె, అవే చెప్తున్న.

అన్నిటికంటే ముందు ఒకటి మనసుల పెట్టుకోండ్రి. 28 వారాల లోపు పుట్టిన బిడ్డను ఒక్క రోజు చూసి మంచిగున్నది, బాగలేదు అని చెప్పలేం. ఇయ్యాల ఆక్సిజన్ తగ్గిస్తరు, రేపు మళ్ల పెంచుతరు, ఎల్లుండి పాలు ఆపుతరు, మళ్ల మొదలుపెడ్తరు. పోయిన సోమవారానికి ఈ సోమవారానికి ఏం మారింది అని చూడాలె. మొదటి రెండు మూడు రోజులు బాగనే ఉండి తర్వాత కిందమీద అయ్యే పిల్లలు మస్తుమంది ఉంటరు, కాబట్టి మొదట్ల మంచిగుంటే అయిపోయింది అనుకోవద్దు, మొదట్ల కష్టమైతే ఆశ వదులుకోవద్దు.

వారాల లెక్క, నోట్‌బుక్

బిడ్డ వయసు వారాలల్ల లెక్కపెట్టుడు నేర్చుకోండ్రి. కడుపుల ఉన్న వారాలకు బయటికొచ్చినంక గడిచిన వారాలు కలపాలె. 26 వారాలకు పుట్టి నాలుగు వారాలు అయితే 30 వారాల బిడ్డ అన్నట్టు. డాక్టర్లు, సిస్టర్లు మాట్లాడుకునేది ఈ లెక్కలనే, ఎందుకంటే ఏది ఎప్పుడు వస్తదో దీన్ని బట్టే ఉంటది. చీకుడు, మింగుడు, ఊపిరి తీసుకునుడు మూడు ఒక్క వరుసల చేసుడు 32 నుంచి 34 వారాల మధ్య మెల్లగ వస్తది, మధ్య మధ్యల ఊపిరి ఆగిపోవుడు కూడ చానమందికి 34 వారాలు దాటినంకనే తగ్గుతది, ఇంటికి పంపుడు ఎక్కువమందికి అసలు డెలివరీ డేట్ ఇచ్చిన దరిదాపుల్ల ఉంటది. అందుకే ఎప్పుడు డిశ్చార్జి సార్ అని మొదటి వారమే అడిగితే డాక్టర్ కాడ కూడ జవాబు ఉండదు. మీ పాత స్కానింగ్ కాయితాలు అన్నీ తెచ్చి చూపెట్టుండ్రి, ముఖ్యంగ మొదటి మూడు నెలలల్ల తీసిన స్కాన్, వారాలు సరిగ్గ తెలిసేది దాంతోనే. కాన్పుకు ముందు తల్లికి బిడ్డ ఊపిరితిత్తుల కోసమని స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చిర్రా, ఎన్ని డోసులు పడ్డయి, ఆఖరిది ఎప్పుడు, అది కూడ చెప్పాలె. ములుగు, భూపాలపల్లి, మానుకోట దిక్కు నుంచి అంబులెన్స్‌ల వచ్చినోళ్ల కాయితాలు చానసార్లు మొదటి దవాఖానలనే ఉండిపోతయి, ఎవరినన్న పంపి తెప్పించుకోండ్రి.

తర్వాత పది రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండ్రి. ఫోన్ల కూడ రాసుకోవచ్చు కానీ లోపలికి ఫోన్ తీసుకపోవుడు మంచిది కాదు, చానకాడ పోనియ్యరు కూడ. రోజుకో పేజీ, పైన తారీఖు, బిడ్డకు ఎన్ని వారాలు, కింద ఈ సంగతులు రాయాలె: ఊపిరికి ఏ మిషిన్ ఉన్నది, ఆక్సిజన్ ఎంత శాతం, పాలు ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకోసారి, గడిచిన 24 గంటలల్ల ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, బరువు, ఇన్ఫెక్షన్ డౌటు ఏమన్న ఉన్నదా, ఏ రిపోర్ట్ రావాల్సి ఉన్నది, ఇయ్యాల ఏం మార్చాలనుకుంటుండ్రు. ఆఖరిది తప్పకుండ అడగాలె. బిడ్డ ఎట్లున్నది సార్ అంటే స్టేబుల్ అనో సీరియస్ అనో ఒక్క మాట వస్తది, ఇయ్యాల ఏం మార్చబోతుండ్రు అంటే మాత్రం డాక్టర్ ఏమనుకుంటుండో బయటికొస్తది. కౌన్సిలింగ్ టైం ఏదో కనుక్కొని రోజు అదే టైంకు పోండ్రి, ఇద్దరు పోతే ఇంకా మంచిది, ఒకలు వింటరు ఒకలు రాస్తరు. డ్యూటీ డాక్టర్లు మారుతుంటరు, ఒకలు చెప్పింది ఇంకొకలు చెప్పినట్టు ఉండకపోవచ్చు, నోట్‌బుక్ ఉంటే నిన్న ఇట్ల చెప్పిర్రు కదా మేడం అని నిమ్మలంగ అడగొచ్చు. అర్థం కాని పేరు వస్తే తెలుగులనే మీకు వినపడ్డట్టు రాసుకోండ్రి, ఇంకోసారి చెప్పుమనడానికి సిగ్గుపడొద్దు.

ఊపిరి

మన దిక్కు వెంటిలేటర్ అన్న మాట వినంగనే ఊర్ల సగంమంది ఇగ ఆశ లేదు అనుకుంటరు, పెద్దోళ్లను ఆఖరుకు దాని మీద పెట్టంగ చూసి ఉంటరు కాబట్టి. నెలలు నిండని బిడ్డ సంగతి వేరు. వీళ్ల ఊపిరితిత్తుల లోపల ఉండే చిన్న చిన్న గాలి సంచులు అతుక్కుపోకుండ ఒక సబ్బు నురుగు లాంటి పదార్థం ఉండాలె, అది ఇంకా తయారుగాలే, కొత్త బుగ్గను మొదటిసారి ఊదినప్పుడు ఎంత బలం పెట్టాలెనో వాళ్లు ప్రతి ఊపిరికి అంత బలం పెట్టాలె. ఆ పదార్థాన్నే సర్ఫాక్టెంట్ అని మందు రూపంల గొంతులకెళ్లి ఊపిరితిత్తుల్లకు పోస్తరు, ఎక్కువగ పుట్టిన మొదటి గంటలల్లనే. కొందరు పిల్లలకు వెంటిలేటర్ అవసరం పడ్తది, కొందరు ముక్కు కాడ పెట్టే సీప్యాప్ తోనే నెట్టుకొస్తరు. మెట్లు సుమారుగ ఇట్లుంటయి: గొంతుల పైపు ఉన్న వెంటిలేటర్, తర్వాత ముక్కు కాడికెళ్లి గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ లాంటివి, తర్వాత ముక్కులకు వేగంగ గాలి పంపే హై ఫ్లో, తర్వాత సన్నటి ముక్కు పైపు, ఆఖరుకు ఏమీ లేకుండ. మీ నోట్‌బుక్‌ల ఏ మెట్టు మీద ఉన్నదో రాస్తే చాలు. ఒక మెట్టు దిగి మళ్ల ఎక్కుడు మామూలే, పైపు తీసినంక రెండు రోజులకు మళ్ల పెట్టిన పిల్లలు కూడ మంచిగ ఇంటికి పోతరు.

ఇంకో నంబర్ ఆక్సిజన్ శాతం, డాక్టర్లు ఎఫ్‌ఐఓటూ అంటరు. మనం పీల్చే మామూలు గాలిల ఆక్సిజన్ 21 శాతం ఉంటది, అంటే బిడ్డకు 21 పెట్టిర్రు అంటే ఎక్కువ ఆక్సిజన్ అక్కర్లేదన్నట్టు. పోయిన వారం 45 ఉండె, ఈ వారం 30 అంటే మిషిన్ అదే ఉన్నా మెరుగైనట్టే.

మానిటర్ మీద కనపడే సాచురేషన్ దీనికి వేరు, రెండింటిని కలపొద్దు. అది బిడ్డ రక్తంల ఆక్సిజన్. ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని పిల్లలకు దాన్ని సుమారు 90 నుంచి 95 మధ్యల ఉంచుతరు, 100 ఉండాలె అని మనం అనుకుంటం కానీ ఆక్సిజన్ ఎక్కువైతే వీళ్ల కండ్లకు నష్టం. కాబట్టి 92 చూసి సిస్టర్‌ను పిలిచి తక్కువుంది తక్కువుంది అనకుండ్రి. మిషిన్ మోగినప్పుడల్ల మన పానం పోయినంత పనైతది, నాకు తెలుసు, కానీ బిడ్డ కాలు కదిపినా, కాలికి చుట్టిన ప్రోబ్ వదులైనా మోగుతది. మోగంగనే స్క్రీన్ దిక్కు కాకుండ బిడ్డ దిక్కు, సిస్టర్ దిక్కు చూడుండ్రి. సిస్టర్ నిమ్మలంగ వచ్చి ప్రోబ్ సరిచేసి పోయింది అంటే ఏం లేదన్నట్టు. ఊపిరి నిజంగ 20 సెకన్లు ఆగితే, లేకుంటె గుండె వేగం పడిపోతే దాన్ని అప్నియా, బ్రాడీ అంటరు, సిస్టర్ అరికాలు మీద మెల్లగ తట్టంగనే చానసార్లు మళ్ల తీసుకుంటరు. దీనికే కెఫిన్ మందు ఇస్తరు, ఆ కాఫీల ఉండే కెఫినే, భయపడేది కాదు, చాన ఏండ్ల నుంచి వాడుతున్న మంచి మందు. రోజుకు ఎన్నిసార్లు అనేది రాసుకోండ్రి. పది ఉన్నది మూడుకు వస్తే మంచిదే. కానీ రెండే ఉన్నది ఉన్నట్టుండి పది అయితే ఎందుకు పెరిగింది, ఇన్ఫెక్షన్ చూసిర్రా అని తప్పకుండ అడుగుండ్రి.

పాలు, బరువు

మా పాపకు మొదటి పాలు ఇచ్చింది నేను చూసిన. నోట్లకెళ్లి కడుపులకు పోయే సన్నటి పైపు, దాని చివరకు సిరంజి గొట్టం, అండ్ల పసుపు రంగు ముర్రుపాలు ఒక్క ఎంఎల్, సిస్టర్ దాన్ని పైకి ఎత్తి పట్టుకొని నిలబడ్డది, ఒత్తలే, పాలు వాటంతట అవే దిగినయి. ఇంతేనా అనిపిస్తది మనకు. ఈ లెక్క చూడుండ్రి: 800 గ్రాముల బిడ్డకు రెండు గంటలకు ఒక ఎంఎల్ అంటే రోజుకు 12 ఎంఎల్, ఇది పేగును అలవాటు చేసే పాలు, ఆకలికి కాదు, అప్పటిదాక బలం అంతా రక్తనాళంల పెట్టిన సన్న పైపు ద్వారా పోయే టీపీఎన్ సెలైన్ నుంచే వస్తది. పూర్తి పాలు అంటే కిలో బరువుకు రోజుకు 150 ఎంఎల్ లెక్క, అదే బిడ్డకు రోజుకు 120 ఎంఎల్, రెండు గంటలకు 10 ఎంఎల్. ఒకటి నుంచి పది దాకా పోయే ఈ దారే మీరు నోట్‌బుక్‌ల చూసేది. పూర్తి పాలకు వచ్చినంక ఆ పైపు తీసేస్తరు, అది పెద్ద అడుగు, ఎందుకంటే ఆ పైపు ఉన్నన్ని రోజులు ఇన్ఫెక్షన్ భయం ఉంటది.

పాలు ఆపిర్రు అంటే కంగారు పడకుంట ఎందుకు అని అడుగుండ్రి. కడుపు ఉబ్బిందా, పచ్చగ వెనక్కి వచ్చిందా, దొడ్డికి రక్తం పడ్డదా. ఈ పిల్లలకు పేగు దెబ్బతినే జబ్బు ఒకటి ఉంటది, నెక్ అంటరు, అది చాన సీరియస్, డౌట్ వచ్చిందంటే పాలు ఆపి ఎక్సరే తీసి యాంటీబయాటిక్ మొదలుపెడ్తరు, ఆపుడే మంచిది. తల్లిపాలు తాగే పిల్లలకు ఇది తక్కువ వస్తది, డబ్బా పాలు తాగే పిల్లలకంటే.

బరువు కాడ అందరు బేజారైతరు. పుట్టినంక మొదటి వారంల బరువు పెరగది, తగ్గుతది, ఒంట్ల నీళ్లు పోతయి, పదిహేను శాతం దాక తగ్గుడు వీళ్లల్ల మామూలే, 820 గ్రాములు ఉన్నది 700 దగ్గరికి పోవచ్చు. రెండు వారాల దరిదాపుల్ల మళ్ల పుట్టిన బరువుకు వస్తది. అక్కడికెళ్లి కిలో బరువుకు రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలె. ఒక్క రాత్రిల 60 గ్రాములు పెరిగింది అంటే సంబురపడే ముందు అడుగుండ్రి, ఒంట్లకు నీరు వచ్చి ఉండొచ్చు, తూకం మీద డైపర్ తోటే పెట్టి ఉండొచ్చు. మా అత్తమ్మ సమ్మక్క తల్లికి పాప ఎత్తు బంగారం మొక్కింది, మేడారంల బెల్లాన్నే బంగారం అంటం కదా, ఇగ రోజు ఫోన్ల ఎన్ని గ్రాములు ఎన్ని గ్రాములు అని అదే అడుగుడు. ఆమెకు వారానికోసారి చెప్పుడు మొదలుపెట్టినం, ఆదివారం ఆదివారం. ఆమెకు కూడ నిమ్మలమైంది, మాకు కూడ. బరువుతో పాటు తల చుట్టుకొలత వారానికోసారి కొలుస్తరు, అది కూడ రాసుకోండ్రి.

రిపోర్టులు

తల స్కాన్: పుర్రె మీద మెత్తగ ఉండే మాడ మీద ప్రోబ్ పెట్టి తీస్తరు, నొప్పి ఉండదు. వీళ్ల మెదడుల రక్తనాళాలు మస్తు సన్నగ ఉంటయి, రక్తం కారేది ఎక్కువగ మొదటి మూడు నాలుగు రోజులల్లనే. ఒకటి నుంచి నాలుగు గ్రేడ్లు ఉంటయి, ఒకటి రెండు అయితే ఎక్కువమందికి పెద్ద ఇబ్బంది కాదు, మూడు నాలుగు అయితే తర్వాత ఎట్లుంటదో డాక్టర్‌తో కూసొని తీరిగ్గ మాట్లాడాలె. మొదటి స్కాన్ మంచిగ వచ్చింది కదా అని ఆపొద్దు, తర్వాతి స్కాన్ ఎప్పుడు, ఇంటికి పోయే ముందు ఒకటి ఉన్నదా అని అడగాలె.

గుండె ఎకో తీసి పీడీఏ ఉన్నది అంటే గుండెకు రంధ్రం పడ్డదని ఇంట్ల ఏడ్వొద్దు. కడుపుల ఉన్నప్పుడు అందరికి ఉండే నాళమే అది, నెలలు నిండిన పిల్లలకు పుట్టిన రెండు మూడు రోజులల్ల మూసుకుంటది, వీళ్లకు ఆలస్యమైతది. కొందరికి దానంతట అదే మూసుకుంటది, కొందరికి మందు ఇస్తరు.

ఇన్ఫెక్షన్ సంగతే అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది, ఎందుకంటే దీంట్ల మన చెయ్యి కూడ ఉంటది. బ్లడ్ కల్చర్ పంపిర్రు అంటే రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు పడ్తది, అప్పటిదాక యాంటీబయాటిక్ నడుస్తది, కాబట్టి ఎప్పుడు పంపిర్రో రాసుకొని మూడో రోజు అడుగుండ్రి. లోపలికి పోయే ముందు గాజులు, ఉంగరాలు, వాచీ, చేతికి కట్టిన దారాలు అన్నీ తీసి మోచేతి దాక సబ్బుతో కడుక్కోవాలె, గోర్లు పూర్తిగ కత్తిరించి ఉండాలె. గాజులు తియ్యొద్దు అని పెద్దోళ్లు అంటే డాక్టర్ తీయమన్నరు అని మీ పేరు మీద కాదు డాక్టర్ పేరు మీద చెప్పుండ్రి. జలుబు, దగ్గు ఉన్నోళ్లు ఆ రోజు పోవద్దు, తండ్రి అయినా సరే. ఎవరన్న చేతులు కడగకుంట బిడ్డను ముట్టబోతే, అది ఎవరైనా, చేతులు కడిగిర్రా అని అడిగే హక్కు మీకున్నది.

డాక్టర్ కూసోమని చెప్పి నిమ్మలంగ మాట్లాడుడు మొదలుపెట్టే రోజు కూడ రావచ్చు. 24, 25 వారాల పిల్లలల్ల ఎంత చేసినా నిలవనోళ్లు ఉంటరు, ఇది దాచి రాయలేను. అట్లాంటి రోజు భార్యాభర్తలు ఇద్దరు కలిసే వినుండ్రి, తల్లి తట్టుకోలేదని ఆమెకు చెప్పకుండ దాచొద్దు, ఆమెకు తెలిసే హక్కు అందరికంటే ఎక్కువ. ఇంకా ఏం చెయ్యొచ్చు, చేస్తే బిడ్డకు ఎంత బాధ, చేసినంక ఎట్ల ఉండే అవకాశం ఉన్నది అని సూటిగ అడుగుండ్రి. బిడ్డను చేతులల్లకు తీసుకోవాలని ఉంటే అడుగుండ్రి, ఇస్తరు.

మీరు చేసే పని

చూసుడే కాదు, మనం చేసేది కూడ ఉన్నది, అది డాక్టర్లు చెయ్యలేనిది. మొదటిది పాలు పిండుడు. కాన్పు అయినంక వీలైనంత తొందరగ, ఆరు గంటల లోపు మొదలుపెట్టాలె, ఆపరేషన్ అయినా సరే, పక్కన ఉన్న అమ్మనో అక్కనో పట్టుకొని సాయం చెయ్యాలె. రోజుకు ఎనిమిది నుంచి పది సార్లు, అండ్ల రాత్రిపూట కూడ ఒకటి రెండు సార్లు. మొదటి రెండు రోజులు చుక్కలే వస్తయి, ఆ చుక్కలే బంగారం, వాటిని బిడ్డ బుగ్గల లోపల దూదితో రాస్తరు. పాలు పడలేదని ఎవరన్న అంటే పట్టించుకోకుండ్రి, పిండితేనే పడ్తయి. బాలింత ఇది తినొద్దు అది చలువ అని పత్యం పేరు మీద కడుపు మాడ్చుడు, నీళ్లు తగ్గించుడు వద్దు, అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ తినాలె. ఇరవై ఒక్క రోజు బాలింత గడప దాటొద్దు అనేది కూడ మన దిక్కు ఉన్నది, కానీ బిడ్డ దవాఖానల ఉన్నప్పుడు తల్లి అక్కడ ఉండుడే బిడ్డకు మంచిది, ఇది పెద్దోళ్లకు ఓపికతో చెప్పుకోవాలె.

తల్లి ఒక దవాఖానల, బిడ్డ ఇంకో దవాఖానల ఉంటే పాలు తీసుకపోయేది నాయిన పని. పది నిమిషాలు మసలబెట్టిన మూత ఉన్న స్టీలు డబ్బా, దాని మీద తల్లి పేరు, తారీఖు, టైం రాసిన టేపు. మామూలుగ బయట నాలుగు గంటలు ఉంటయి అంటరు కానీ మే నెలల వరంగల్ ఎండకు ఆ లెక్క పనిచెయ్యది, పిండంగనే ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాల పెట్టి తీసుకపోవాలె. ఫ్రిజ్‌ల అయితే 24 గంటలు, తలుపు కాడ కాదు లోపలి దిక్కు పెట్టాలె. నిజంగనే పాలు సరిపోకుంటె డబ్బా పాలు అనే ముందు దాత పాలు దొరుకుతయా అని అడుగుండ్రి, హైదరాబాద్ నీలోఫర్‌ల తల్లిపాల బ్యాంకు ఉన్నది.

రెండోది కంగారూ కేర్. తల్లి రొమ్ముల మధ్య బట్టలు లేకుండ, టోపీ, సాక్సులు, డైపర్ మాత్రమే వేసి బిడ్డను నిలువుగ పడుకోబెట్టుడు, మెడ ఒక పక్కకు తిప్పి, కాళ్లు కప్ప లెక్క మడిచి, మీదికెళ్లి బట్ట కట్టుడు. ఇది 1978లో కొలంబియా దేశంల బొగోటాలో మొదలైంది, ఇంక్యుబేటర్లు సరిపోక. 2022లో డబ్ల్యూహెచ్‌ఓ అయితే ఎంత తొందరగ వీలైతే అంత తొందరగ మొదలుపెట్టాలె, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాక చెయ్యాలె అని చెప్పింది. సీప్యాప్ మీద ఉన్న బిడ్డకు కూడ నిలకడగ ఉంటే చేస్తరు, కాబట్టి మీరే అడుగుండ్రి, ఎప్పటినుంచి చెయ్యొచ్చు మేడం అని. కూసుంటే గంటకు తక్కువ కాకుండ కూసోండ్రి, ఊకె తీసి పెట్టుడు బిడ్డకు అలసట. ముందు దిక్కు గుండీలు ఉన్న నైటీ తెచ్చుకోండ్రి. నాయినలు కూడ చెయ్యొచ్చు, చెయ్యాలె, అంగి గుండీలు విప్పితే సరిపాయె.

అది కుదరని మొదటి రోజులల్ల పెట్టె కిటికీలకెళ్లి చెయ్యి పెట్టనిస్తే, నిమురొద్దు, వీళ్ల చర్మం మస్తు పల్చగ ఉంటది. ఒక అరచెయ్యి తల మీద, ఒకటి పాదాల కాడ మెల్లగ కదలకుండ పెట్టి ఉంచుండ్రి. మెల్లగ మాట్లాడుండ్రి, బిడ్డకు కడుపుల ఉన్నప్పటి నుంచి మీ గొంతు ఎరుకే.

కండ్ల పరీక్ష, దీన్ని మాత్రం తప్పొద్దు

ఈ మొత్తంల ఒక్కటే యాది పెట్టుకుంటం అంటే ఇది పెట్టుకోండ్రి. నెలలు నిండని పిల్లలకు కంటి లోపల రెటీనాల రక్తనాళాలు పూర్తిగ పెరగవు, అవి తప్పు తీరుగ పెరిగితే చూపు పోతది, ఆర్‌ఓపీ అంటరు. బయటికి ఏమీ కనపడదు, కన్ను ఎర్రగ కాదు, నీరు కారది, చూసి పట్టలేం. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకు నెల రోజుల లోపల మొదటి పరీక్ష కావాలె, 28 వారాల లోపు, 1200 గ్రాముల లోపు పుట్టినోళ్లకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. పుట్టిన రోజే క్యాలెండర్‌ల ఆ తారీఖు మీద గుండ్రం గీసుకోండ్రి. పరీక్ష ఒక్కసారితో అయిపోదు, రక్తనాళాలు పూర్తిగ పెరిగినయి అని కంటి డాక్టర్ రాసిచ్చేదాక వారానికోసారి, రెండు వారాలకోసారి పిలుస్తరు. లేజర్ గానీ ఇంజక్షన్ గానీ కావాలంటే రెండు మూడు రోజులల్ల అయిపోవాలె, మంచి రోజు చూసుకొని పోదాం, పంట పైసలు వచ్చినంక పోదాం అంటే కన్ను ఆగది. మీ ఎన్‌ఐసీయూకే కంటి డాక్టర్ వస్తరా, మనమే తీసుకపోవాల్నా అని ముందే అడుగుండ్రి. హైదరాబాద్‌ల అయితే ఎల్‌వీ ప్రసాద్, సరోజినీదేవి కంటి దవాఖానలు ఉన్నయి. చానమంది డిశ్చార్జి అయినంక ఊరికి పోయి ఈ పరీక్షలే మరిచిపోతరు, బిడ్డ నవ్వుతున్నది కదా అని.

పైసలు, కాయితాలు, చుట్టాలు

సర్కార్ దవాఖానలల్ల ఏడాది లోపు పిల్లలకు జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద వైద్యం ఫ్రీ. ప్రైవేటుల అయితే మొదటి రోజే ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ వర్తిస్తదా, దేనికి వర్తిస్తది, దేనికి కాదు అని అడిగి రాసుకోండ్రి, బిల్లు పెరిగినంక కాదు. బిల్లులు అన్నీ ఒరిజినల్ ఒక కవర్ల పెట్టుకోండ్రి, సీఎం రిలీఫ్ ఫండ్‌కు ఎమ్మెల్యే ఆఫీసుల పెట్టుకునేటప్పుడు అవే అడుగుతరు. జనన నమోదు 21 రోజుల లోపల కావాలె, పేరు తర్వాత పెట్టుకోవచ్చు, దవాఖాన వాళ్లు పంపిర్రా లేదా ఒకసారి కనుక్కోండ్రి. చుట్టాలకు రాత్రి ఒక్క మెసేజ్ ఒక్కరే పెట్టాలె, అది మీ అన్ననో తమ్ముడో మరిదో అయితే మంచిది, తల్లి ఫోన్‌కు మాత్రం ఎవ్వరు చెయ్యొద్దని గట్టిగ చెప్పుండ్రి.

ఇంటికి పోయేటప్పుడు

పెట్టె బయట ఒంటి వేడి నిలుపుకోవాలె, పాలు తాగి బరువు పెరగాలె, అయిదారు రోజులుగ ఊపిరి ఆగకుండ ఉండాలె, అప్పుడే పంపుతరు. ఆ ముందు రెండు మూడు రోజులు తల్లి పక్కనే ఉండి పాలు పట్టుడు, మందులు ఇచ్చుడు సిస్టర్ ముందట చేసి చూపెట్టి నేర్చుకోవాలె. డిశ్చార్జి కాయితంల ఇవి ఉన్నయా చూసుకోండ్రి: కండ్ల తర్వాతి తారీఖు, చెవుల పరీక్ష, తల స్కాన్ రిపోర్ట్, ఐరన్, విటమిన్ డీ చుక్కలు ఎన్ని, టీకాల తారీఖులు, ఫాలోఅప్ తారీఖు. టీకాలు పుట్టిన తారీఖు లెక్కలనే వెయ్యాలె, ఎదుగుదల మాత్రం డెలివరీ డేట్ లెక్కల చూడాలె. అంటే 26 వారాలకు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు అయినా ఎదుగుదల లెక్కల మూడు నెలలు కూడ నిండనట్టు, అప్పుడే పక్కింటి బిడ్డతోటి పోల్చి ఇంకా కూసుంటలేదేంది అని అనొద్దు. రెండేండ్లు వచ్చేదాక ఇదే లెక్క. ఏదన్న వెనకపడుతున్నట్టు అనిపిస్తే జిల్లా డైక్ (డీఈఐసీ) సెంటర్‌ల, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను చూసే సర్కార్ సెంటర్‌ల, ఫిజియోథెరపీ, స్పీచ్ అన్నీ చూస్తరు, ఎంత తొందరగ పోతే అంత మేలు.

ఇంట్ల ఊదు పొగ, సాంబ్రాణి, దోమల కాయిల్, సిగరెట్ ఏదీ వద్దు, ఈ ఊపిరితిత్తులకు పొగ అసలే పడది. కండ్లకు కాటుక, చెవులల్ల నూనె, నోట్లె తేనె వద్దు. తొట్టెల కార్యం ఆగి చేసుకుంటే ఏం కాదు, నలభై మంది వచ్చి ఎత్తుకునే రోజు ఇంకో ఆరు నెలలకు పెట్టుకోండ్రి. కంగారూ కేర్ ఇంట్ల కూడ చెయ్యుండ్రి, ముఖ్యంగ చలికాలం. ఆశ కార్యకర్త వస్తే బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో ముందుగాల అదే చెప్పుండ్రి.

పాలు తాగుడు తగ్గినా, లేపినా లేవకుండ మత్తుగ ఉన్నా, పాదాలు కడుపు రెండు చల్లగ అయినా, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగిరినా, పెదవులు నీలంగ అయినా, పచ్చగ వాంతి చేసుకున్నా తెల్లారేదాక ఆగకుండ్రి, రాత్రి రెండు గంటలైనా 108కి ఫోన్ చెయ్యుండ్రి. వచ్చేదాక బిడ్డను ఎదకు ఆనించి వెచ్చగ పెట్టుకోండ్రి, డిశ్చార్జి కాయితం, ఆ నోట్‌బుక్ రెండు పట్టుకొని బండెక్కుండ్రి, అక్కడ కొత్త డాక్టర్ అడిగే మొదటి పది ప్రశ్నలకు జవాబు వాటిల్లనే ఉంటది.